తోటల ఎవరున్నరే

ఆసిఫాబాద్‌లో పెద్దవాగుకు దిగే సందులో, చివరి నుంచి రెండో ఇల్లు నిషాత్‌ది. ముందుగదిలో కుట్టుమిషన్ ఉంటుంది. చీరలకు ఫాల్ కుడుతుంది, అంచులకు పీకో వేస్తుంది. ఊళ్ళో పెళ్ళి అనుకుంటే చాలు, పెళ్ళికంటే ముందు రంగులు ఆ గదిలోకి వచ్చేస్తాయి. మబ్బు పట్టిన వానాకాలపు పగళ్ళలో సందంతా బూడిదరంగులో ఉంటే ఆ గది ఒక్కటే దీపంలా కనిపిస్తుంది. చీర ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు కాసేపు గడప మీద కూర్చుని ముచ్చట్లు పెడతారు. నిషాత్ వింటుంది, దారం పళ్ళతో కొరుకుతుంది, నవ్వవలసిన చోట నవ్వుతుంది. పాడమని మాత్రం ఆమెను ఎవరూ అడగరు.

ఒకప్పుడు ఆమె డోలక్ లేకుండా ఆ పేటలో మంజే జరిగేది కాదు. పెళ్ళికి ముందు పిల్లకు పసుపు పూసి, పచ్చటి దుపట్టా కప్పి కూర్చోబెట్టే ఆ వేడుకలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరి పాడతారు. సగం దక్కనీ, సగం తెలుగు. వియ్యపురాలిని ఆటపట్టించే పాటలు, మరిదిని ఏడిపించే పాటలు అన్నీ అయిపోయి, చేతులు కాస్త అలిసి, లోపల అన్నం వాసన వస్తున్నప్పుడు చివరగా గులాబ్ బేగం పాట పాడతారు.

గులాబ్ బేగం అసలు పేరు ఎవరికీ తెలియదు. నిజాం కాలంలో బదిలీ మీద వచ్చిన ఒక తాలూక్‌దారు భార్య అంటారు. హైదరాబాదు నుంచి అడవిదారిలో ఎడ్లబండి మీద వస్తూ, తడిగుడ్డలో చుట్టిన గులాబీ కొమ్మలను పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. వాటిని నాటి తోట చేసింది. పేటలోని ఆడపిల్లలు బావిలోంచి నీళ్ళు తోడి మొక్కలకు పోసేవారు. పొద్దుగూకిన తర్వాత గేటుకు తాళం వేసే ముందు, పిల్లలెవరైనా లోపల ఉండిపోయారేమోనని ఆమె తోటవైపు తిరిగి అడిగేది. పొదల వెనక నుంచి ఎవరో ఒక పిల్ల జవాబు చెప్పి పరుగెత్తుకుని వచ్చేది. ఒక జ్వరాల ఏడు ఆ పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. చివరికి ఒక సాయంత్రం ఆమె అడిగితే ఎవరూ పలకలేదు. జవాబు వచ్చేదాకా తాళం వేయనని ఆమె తాళంచెవి పట్టుకుని అక్కడే నిలబడిపోయిందట. తర్వాత బంగళా కూలింది. బావి పూడింది. ఆమె నిలబడటం మాత్రం పాటలో మిగిలింది.

గులాబు తోటల పొద్దు గూకింది
నీళ్ళు తోడే పిల్లలు ఇంటికి పోయిండ్రు
తాళం చేతిల వట్టుకోని బేగం అడిగింది
తోటల ఎవరున్నరే

ఇక్కడ డోలక్ ఆగుతుంది. పాడేవాళ్ళు ఊపిరి బిగబడతారు. ఒక చిన్న ఖాళీ. గాజులు కూడా చప్పుడు చేయకూడదు. ఆ ఖాళీ బేగంది. అందులో ఎవరూ జవాబు చెప్పరు. చెప్పినవాళ్ళు నీళ్ళు పోయడానికి తోటలోనే ఉండిపోవాలని పాత మాట. ఖాళీ దాటగానే డోలక్ మళ్ళీ మొదలవుతుంది, అందరూ నవ్వుతూ లేచి పెళ్ళికూతురి నోట్లో మిఠాయి పెడతారు.

నిషాత్ కూతురు యాస్మీన్ తెలుగు బడిలో చదివేది. ఇంట్లో దక్కనీలో అడిగితే తెలుగులో జవాబు చెప్పేది. చుట్టాలు ఎగతాళి చేస్తే ఇంకా గట్టిగా తెలుగులోనే చెప్పేది. నిషాత్ చీరలు ఇచ్చి తిరిగి వచ్చినప్పుడల్లా గడప దగ్గర చెప్పులు విడుస్తూ కేకేసేది. "యాస్మీన్, ఘర్ మే హై క్యా?" లోపల నుంచి, తలుపు వెనక నుంచి, ఒక్కోసారి మంచం కింద నుంచి జవాబు వచ్చేది. "నేనున్న."

ఒక మంజేలో ఏడేళ్ళ యాస్మీన్ తల్లి మోకాలికి ఆనుకుని కూర్చుంది. పాట చివరికి వచ్చింది. డోలక్ ఆగింది. ఆ ఖాళీలో యాస్మీన్ పలికింది.

"నేనున్న."

తర్వాతి వానాకాలం వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చిన రోజుల్లో యాస్మీన్‌కు జ్వరం వచ్చింది. వాగు తగ్గేసరికి పిల్ల లేదు. మూడోనాడు పిల్ల కోసం ప్రార్థించే జియారత్‌లో గులాబీ రేకుల పళ్ళెం చేతుల మీదుగా తిరుగుతున్నప్పుడు, నిషాత్‌కు ఆ పాట నేర్పిన ఖుద్సియా ఖాలా పళ్ళెంలోకి చూస్తూ అంది. "పిల్ల బేగంకు జవాబు చెప్పింది. బేగం తాళమేసుకున్నది." ఆమె ఓదార్చడానికే అన్నదేమో. ఏ కారణమూ లేకపోవడం కంటే అది మేలనుకున్నదేమో. నిషాత్ మాత్రం ఆ రోజు డోలక్‌ను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టింది.

ఆ తర్వాత ఆ మంజే ఆమెకు ఎప్పుడు గుర్తొచ్చినా ఒకేలా గుర్తొచ్చేది. పిల్ల పలకగానే ఆడవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. గదిలో గాలి ఆగిపోయింది. ఆ గదిని ఆమె ఏళ్ళ తరబడి మోసింది. అందులో ఒక్కటే మెల్లగా చెరిగిపోతూ వచ్చింది. అది పిల్ల గొంతు. పెదవులు కదిలేవి, వాలిన జడ కనిపించేది, గొంతు వినిపించేది కాదు. ఆ రెండు మాటలనూ గుర్తు చేసుకోబోతే తన గొంతే వినబడేది.

మొన్నటి వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, నిషాత్ చిలకపచ్చ చీరకు పీకో వేస్తుంటే వెనక వీధిలో పెళ్ళివారి డీజే మొదలైంది. ఎవరో అమ్మాయి పాడుతోంది. కింద దరువు దడదడమంటోంది. రెండో వరుసకు నిషాత్ పాదం మిషన్ మీద ఆగిపోయింది. గులాబు తోటల పొద్దు గూకింది. నీళ్ళు తోడే పిల్లలు ఇంటికి పోయిండ్రు. ఆ కొత్త అమ్మాయి గొంతు బాగుంది, కాస్త జీర కూడా ఉంది. తోటల ఎవరున్నరే అని అడిగింది. దరువు ఒక్కసారిగా తెగింది. వీధంతా నిశ్శబ్దం.

"నేనున్న."

నిషాత్ లేవలేదు. సూది చీరలో దిగబడి ఉంది. మొదట ఆమె మెడ తిప్పి చూసింది మంచం కిందికి.

నిషాత్ భర్త అంజద్ ఆటో నడుపుతాడు. నిషాత్ అతన్ని వెతుక్కుంటూ బస్టాండు దాకా నడిచింది. ఆటో వరుసలో చివర, ప్లాస్టిక్ పరదాలు దించుకుని లోపల కూర్చుని ఉన్నాడు. లోపల నుంచి అదే పాట సన్నగా వస్తోంది. ఆ రెండు మాటలు వచ్చాయి. వేలితో వెనక్కి జరిపాడు. మళ్ళీ ఆ రెండు మాటలు.

నిషాత్ పరదా తీసింది.

"ఎన్నిరోజులైంది?"

"వారం."

"నాకెందుకు చెప్పలే?"

అంజద్ ఫోన్ ఆపేశాడు. "చెప్తే తీసేయమంటవని."

మిగతాదీ అతనే చెప్పాడు. కరీంనగర్‌లో ఎవరో పిల్లలు పాత పాటలను కొత్తగా పాడించి యూట్యూబ్‌లో పెడుతున్నారు. పాడిన అమ్మాయి పేరు భవ్యశ్రీ. మ్యూజిక్ చేసినవాడు రాకేశ్, మన ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసే పరశురాములుకు మేనల్లుడు. మామ దగ్గర మూలన పడి ఉన్న క్యాసెట్లలో ఆ మంజే దొరికిందట. నిషాత్ పాటను భవ్యశ్రీ నేర్చుకుని పాడింది. పిల్ల జవాబును మాత్రం క్యాసెట్‌లోంచి అట్లాగే ఎత్తి పెట్టారు.

"లచ్చల మంది వింటుండ్రు నిషాత్. జోడేఘాట్ పోయే బస్సుల వింటుండ్రు. అందరి నడుమ ఉన్నది పిల్ల. గిప్పుడు తీసుకపోయి ఎక్కడ పెడ్తవ్?"

"అది ఉన్నది అందరి నడుమ కాదు. తోటల."

అంజద్ పరదా మళ్ళీ దించుకున్నాడు.

ఆ నెలంతా పాట ఊరి మీద మబ్బులా తిరిగింది. ఆడపిల్లలు తల మీద దుపట్టా కప్పుకుని, చెవి పక్కన గులాబీ పెట్టుకుని, ఫోన్ ముందు నిలబడి రీల్స్ చేశారు. ఖాళీ రాగానే యాస్మీన్ గొంతుకు పెదవులు కదిపి నవ్వేవారు. మంజేలలో గదంతా కలిసి అరిచేవారు, నేనున్న అని. నిషాత్ ఇంటి ముందు నుంచి వెళ్ళే ప్రతి ఆటో ఆమె బిడ్డను ఒకసారి పిలిచి పోయేది. ఆమె పీకో దారాలు తెగిపోయేవి. చీరలు వంకర పోయేవి.

ఖుద్సియా ఖాలాకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. వినికిడికి మాత్రం లోటు లేదు. నిషాత్ వెళ్తే మంచం మీదనే అటు తిరిగి పడుకుంది. "ఏం లోకమే ఇది. ఖాళీ ఎందుకు పెట్టిండ్రో తెల్వదు, పిల్లలందరు హాజరి పలుకుతుండ్రు. బేగంకు ఎంతమందిని తోలుతరట?"

పక్కింటి మమతారాణి పదో తరగతి. ఒకరోజు గోడ మీంచి తొంగిచూసింది.

"ఆంటీ, గిది మీ పాటనేనట గదా? మా అమ్మ చెప్పింది. నా రీల్ జూడుండ్రి, మస్తు లైకులొచ్చినయ్."

"ఎందుకు బిడ్డా గా మాట పలుకుడు. పాట పాడు, గా ఒక్క మాట ఇడిశిపెట్టు."

"గదే గదా ఆంటీ మెయిను. గది లేకుంటే ఏమున్నది?"

వారం తర్వాత మమతారాణికి జ్వరం వచ్చింది. సందులో మరో ముగ్గురు పిల్లలకూ వచ్చింది. ప్రతి వానాకాలం వచ్చే జ్వరమే. నిషాత్‌కు అది తెలుసు. అయినా గోడ అవతల ఆ పిల్ల దగ్గు వినబడినప్పుడల్లా ఎక్కడో ఒక ఇనుప గేటు మూసుకుంటున్నట్టు ఉండేది. ఒక తెల్లవారుజామున టీ గ్లాసు అంజద్ ముందు పెట్టి అంది.

"నేను కరీంనగర్ పోతున్న. నువ్వు రాకున్నా పోత."

అంజద్ టీ తాగలేదు. చొక్కా వేసుకున్నాడు.

రాకేశ్ స్టూడియో ఒక సెల్‌ఫోన్ దుకాణం పైన ఉంది. గోడలకు నల్లటి స్పాంజి. తలుపు మూయగానే బజారు చప్పుడంతా ఎవరో దుప్పటి కప్పినట్టు ఆగిపోయింది. మెడలో హెడ్‌ఫోన్ వేసుకున్న రాకేశ్ వాళ్ళెవరో తెలుసుకుని గబగబా కుర్చీలు లాగాడు.

"అమ్మా, మీరేనా నిషాత్ అమ్మ? పేరు వెయ్యలేదని వచ్చిండ్రా? కింద రాయిస్త అమ్మా, గివాల్నే రాయిస్త."

"నా పేరు వద్దు బాబు. పిల్ల గొంతు తీసెయ్."

అతనికి అర్థం కాలేదు. "అమ్మా, పాటకు పానం అదే. మా భవ్యశ్రీ అది విని ఏడ్చింది. గా పిల్ల ఇప్పుడు పెద్దదై ఉంటది, దొరికితే ఇంకో పాట పాడిపిద్దామని మామను అడిగిన గూడ. మామ ఏం మాట్లాడలే."

అంజద్ స్పాంజి గోడను చూస్తూ అన్నాడు. "పెద్దది కాలే."

రాకేశ్ హెడ్‌ఫోన్ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఏం చేయాలో తెలియక నీళ్ళ సీసా మూత తీసి, మళ్ళీ పెట్టాడు. చివరికి మెల్లగా అడిగాడు. "క్యాసెట్ మొత్తం ఉన్నది. చూస్తరా అమ్మా?"

నిషాత్ భయపడింది. ఉలిక్కిపడిన ఆ గదిని, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగులను, ఆగిన గాలిని ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని చూసింది. తెరిచి చూడగలనా అనుకుంది. అప్పటికే అంజద్ తలూపాడు.

తెర మీద గీతలు పడ్డాయి, తర్వాత వీడియో లైటు వెలుగులో తెల్లబడిన గది. పచ్చటి దుపట్టా కింద పెళ్ళికూతురు. సన్నగా, నల్లటి జుట్టుతో, డోలక్ తొడ కింద నొక్కిపట్టి తను. పక్కన ఖుద్సియా ఖాలా, ఇంకా పళ్ళున్న ఖాలా. తన మోకాలి దగ్గర సగం జడ, ఎర్ర రిబ్బను. పాట చివరికి వచ్చింది. తెర మీది నిషాత్ అడిగింది. తోటల ఎవరున్నరే. చేయి డోలక్ మీద గాలిలో ఆగింది.

ఎర్ర రిబ్బను కదిలింది. పిల్ల ముఖం పైకి తిరిగింది. గుమ్మం వైపు కాదు, పెళ్ళికూతురి వైపు కాదు. తల తిప్పి సూటిగా తల్లి ముఖంలోకి చూసింది.

"నేనున్న."

గదంతా పకపకా నవ్వింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఖుద్సియా ఖాలా తొడ చరుచుకుని అంటోంది. "తీసుకో బేగమా, నీకు పనిపిల్ల దొరికింది. నీళ్ళు తోడేదాని కంటె మిఠాయి తినేది ఎక్కువ." తెర మీది నిషాత్ అందరికంటే గట్టిగా నవ్వుతోంది. పిల్ల తలను ఒళ్ళోకి లాక్కుని, నుదుటి మీద చిన్నగా కొట్టి, ఆ చేత్తోనే డోలక్ అందుకుంది.

"మళ్ళ పెట్టు," అంది నిషాత్.

రాకేశ్ మళ్ళీ పెట్టాడు. ఆమె పిల్లను చూడలేదు ఈసారి. పిల్ల ఎటు చూస్తోందో చూసింది.

నల్లటి గోడలు ఊపిరిని కూడా మింగేస్తున్నాయి. తర్వాత నిషాత్ తనకు తాను చెప్పుకుంటున్నట్టుగా అంది.

"నేనడిగిన బాబు. నా గొంతు విని నాకు చెప్పింది. ఇంట్ల రోజు చెప్పినట్టే చెప్పింది. బేగంను అది జూడనే లేదు."

"అవునమ్మా."

"మీ పాటల ఎవరో అడుగుతుండ్రు, ఇది చెప్తుంది. పెండ్లిళ్ళల్ల అడుగుతుండ్రు, ఆటోలల్ల అడుగుతుండ్రు. ఎవ్వలడిగినా చెప్తనే ఉన్నది. ఎంతసేపని చెప్తది? చిన్నపిల్ల."

అంజద్ కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్ళాడు. తలుపు తీయలేదు. అటు తిరిగే అన్నాడు. "తీసెయ్ బేటా."

"తీసేస్త. గని కాకా, జనం ఫోన్లల్లకు పోయింది నా చేతుల లేదు. కొత్తది పెడ్త, పాతది నేను తీసేస్త. గంతే చెయ్యగల్గుత." అతను కాసేపు తెర వైపు చూశాడు. "అక్కడ ఏం పెట్టమంటరు? ఏదన్న వాయించాల్నా?"

"ఏం పెట్టకు."

"ఖాళీ ఉంటే పాట ఆగిందనుకుంటరు అమ్మా."

"అనుకోనీ. అది బేగం జాగ."

వాళ్ళు లేచేటప్పుడు అతను క్యాసెట్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి అంజద్‌కు ఇచ్చాడు. ఆ రెండు మాటలను విడిగా కోసి నిషాత్ ఫోన్‌కు వాట్సాప్‌లో పంపాడు. బస్సులో మంచిర్యాల దాకా అంజద్ చొక్కా జేబు మీద చెయ్యి తీయలేదు. గోదావరి వంతెన మీద నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. నిషాత్ ఫోన్ తెరిచి చూసుకుంది. ఒక చిన్న గీత, పక్కన చిన్న బాణం గుర్తు. నొక్కలేదు. బస్సు చప్పుడులో, ఇందరి మధ్య, ఆ పిల్లతో మళ్ళీ పలికించాలనిపించలేదు.

రాకేశ్ మాట నిలబెట్టుకున్నాడు. కొన్నిరోజులకు మమతారాణి గడప మీద కూర్చుని జావ తాగుతూ, చీరల మూట చంకన పెట్టుకుని వెళ్తున్న నిషాత్‌ను ఆపింది. జ్వరం తగ్గి ముఖం చిన్నదైంది.

"ఆంటీ, పాట కరాబ్ చేసిండ్రు. కొత్తదాంట్ల పిల్ల గొంతే లేదు. ఉత్త సప్పుడు లేకుంట ఇడిశిండ్రు."

"పిల్ల ఇంటికి పోయింది బిడ్డా."

"గది పాటల్నే ఉన్నది గదా. నీళ్ళు తోడే పిల్లలు ఇంటికి పోయిండ్రు అని."

"అవు. పాటల్నే ఉన్నది. జావ సల్లారుతున్నది, తాగు."

చీరలు ఇచ్చి వచ్చేసరికి పొద్దు వాలింది. వాగు మీంచి తడిగాలి వస్తోంది. మలుపులో ఎవరో పాత పాటే పెట్టారు. భవ్యశ్రీ అడిగింది. యాస్మీన్ జవాబు చెప్పింది. నిషాత్ ఆగలేదు, చెవులు మూసుకోలేదు. ఫోన్లలో ఉన్నంతకాలం ఆ జవాబు అట్లా సందుల్లో తిరుగుతూనే ఉంటుందని ఆమెకు తెలుసు. ఎండిన పువ్వు వాసనలాగా.

ఇంటి గడప దగ్గర చెప్పులు విడిచింది. లోపల చీకటి. మిషన్ మీద సగం కుట్టిన గులాబీరంగు చీర. అంజద్ ఆటో ఇంటి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆమె ఏం చేయబోతోందో అతనికి అర్థమైంది. లైటు వేయబోయిన చేతిని దించేశాడు.

ఇన్నేళ్ళుగా అడగని ప్రశ్న కోసం గొంతు ఒకసారి సవరించుకుంది. తర్వాత ఎప్పటిలాగే, లోపలి గదికి వినబడేంత గట్టిగా కేకేసింది.

"యాస్మీన్, ఘర్ మే హై క్యా?"

బొటనవేలు ఫోన్ మీద నొక్కింది.

"నేనున్న."

దక్కనీలో అడిగితే తెలుగులో. ఎప్పటిలాగే. ఆ మాటల వెనక ఒక నవ్వు మొదలై, మొదలవుతూనే తెగిపోయింది. పాటలో ఆ నవ్వు లేదు. ఇందులో రాకేశ్ దాన్ని కోయకుండా కొంచెం మిగిల్చాడు. అది తన నవ్వేనని నిషాత్‌కు కాస్త ఆలస్యంగా తెలిసింది.

అంజద్ అడగలేదు మళ్ళీ నొక్కమని. ఆమె కూడా నొక్కలేదు. కాసేపు ఇద్దరూ ఆ చీకటిలో, ఎవరో తోటలోంచి పరుగెత్తుకుని వస్తున్నట్టు నిలబడ్డారు.

తర్వాత నిషాత్ వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టింది.